హీరో లేని పేజీల్లో హీరోయిన్ ఏం చేస్తోంది? మొదటి ప్రేమ కథల గురించి

మల్లెతీగ

అందరికీ నమస్కారం. మాది కాకినాడ, నా ఉద్యోగం హైదరాబాద్‌లో. మా చెల్లి ఇంటర్ సెకండియర్. దానికి సైట్ ఉంది, మైనస్ 3. దసరాకి ఇంటికెళ్తే కళ్ళు చికిలించుకుని టీవీ చూస్తోంది. కళ్ళజోడేదే అంటే పెట్టుకుంటే తలనొప్పి వస్తోందంది. మర్నాడు పెన్ను కోసం దాని కాలేజీ బ్యాగు వెతికితే అడుగున, ఒక పాత సాక్సులో దోపి ఉంది కళ్ళజోడు.

రాత్రి డాబా మీద పడుకున్నాక అసలు సంగతి చెప్పింది. ట్యూషన్‌లో ఒకబ్బాయి "నువ్వు కళ్ళజోడు లేకపోతే బాగుంటావు" అన్నాడట. ఇది జరిగి మూడు నెలలు. అప్పట్నుంచీ బోర్డు మీద ఏముందో కనబడకుండానే కెమిస్ట్రీ వింటోంది, పక్కమ్మాయి నోట్సు చూసి రాసుకుంటోంది.

తిట్టడానికి నాకు నోరు రాలేదు. అదే వయసులో నేను హాస్టల్లో ఫోను దిండు కింద పెట్టుకుని, బ్లూ టిక్కులు పడ్డాయా లేదా అని గంటకోసారి లేచి చూసుకున్నదాన్ని. అప్పుడు నాకు తోడు ట్వైలైట్ పుస్తకాలు, ఒక మామూలు అమ్మాయికీ రక్తపిశాచి అబ్బాయికీ మధ్య ప్రేమ నడిచే ఇంగ్లీషు నవలలు. 2005లో మొదలైన సిరీస్ అయినా మా హాస్టల్‌కి మాత్రం చాలా ఆలస్యంగా, అట్టలు ఊడిపోయి వచ్చాయి. రెండో పుస్తకం న్యూ మూన్‌లో హీరో ఎడ్వర్డ్, హీరోయిన్ బెల్లాని వదిలేసి వెళ్ళిపోతాడు. ఆమెకి పద్దెనిమిది నిండి కొద్దిరోజులే అయివుంటుంది. ఆ తర్వాత పేజీల్లో ఏమీ ఉండదు. ఒక పేజీలో అక్టోబర్, ఇంకో పేజీలో నవంబర్, తర్వాత డిసెంబర్, జనవరి. నెల పేరు తప్ప ఒక్క వాక్యం లేదు. నాలుగు నెలల జీవితం ఖాళీ. అప్పట్లో ఆ పేజీలు చూసి వెక్కివెక్కి ఏడ్చాను. ప్రేమంటే ఇదే, వాడు లేకపోతే నేను ఖాళీ పేజీనే అనుకున్నాను.

ఇప్పుడు ఆ పుస్తకాలే మా చెల్లి నా అలమరాలోంచి తీసి చదువుతోంది. లాక్కోను, ఎందుకంటే లాక్కుంటే దుప్పట్లో చదువుతుంది. కానీ వాటి పక్కన ఇంకేం పెట్టాలో తెలియడం లేదు. ప్రేమ ఉండాలి, గుండె ఝల్లుమనాలి, దాంతోపాటు ఆ అమ్మాయి విలువ అబ్బాయి చూపు మీద ఆధారపడకూడదు. అలాంటి కథలు మీకు తెలిస్తే చెప్పండి.

టీమ్_ఎడ్వర్డ్

అక్కా, మీ చెల్లి కళ్ళజోడు తీసింది ట్యూషన్ అబ్బాయి వల్ల. పుస్తకం ఏం చేసింది పాపం? మా అమ్మ ఒక్క నవలా చదవలేదు, మా నాన్నకి నచ్చదని పాటలు పాడటం మానేసింది. అందుకే నాకు ఈ "పాడుచేసే పుస్తకాలు" అనే మాట ఎప్పుడూ నచ్చదు.

ఓరుగల్లు_టీచర్

మల్లెతీగ గారూ, నేను డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను. మీ ఖాళీ పేజీల మాట చదవగానే నాకు జేన్ ఐర్ గుర్తొచ్చింది. 1847 నాటి నవల, కుర్రకారు కోసం రాసిందేం కాదు. కానీ జేన్‌కి అప్పుడు పద్దెనిమిదేళ్ళే, అది ఆమె మొదటి ప్రేమే. మా పిల్లలకి సిలబస్‌లో భాగంగా చెప్పినప్పుడు నేను ఎక్కువసేపు ఆగేది పెళ్ళి ఆగిపోయే సీను దగ్గర కాదు, అంతకు ముందొచ్చే బట్టల షాపు సీను దగ్గర.

జేన్ ఒక పెద్ద ఇంట్లో పాపకి చదువు చెప్పే టీచరు, ఆమె ప్రేమించింది ఆ ఇంటి యజమాని రాచెస్టర్‌ని. పెళ్ళి కుదిరాక అతను ఆమెని పట్టుబట్టల దుకాణానికి తీసుకెళ్తాడు. అరడజను గౌన్లు కొంటానంటాడు. జేన్ బతిమాలి, వాదించి రెండింటికి దించుతుంది. అతను ఏరినవి కళ్ళు చెదిరే ఊదారంగు పట్టు, గులాబీ రంగు శాటిన్. ఆమె వాటిని వద్దని నల్లది ఒకటి, ముత్యం రంగు బూడిద పట్టు ఒకటి తీసుకుంటుంది. అతను కొనిపెట్టేకొద్దీ ఆమెకి బుగ్గలు మండుతాయి, సంతోషంతో కాదు, అవమానంతో. పెళ్ళయ్యాక కూడా నీ ఇంట్లో పాపకి చదువు చెబుతూనే ఉంటాను, నా తిండీ బసా, ఏడాదికి ముప్ఫై పౌండ్ల జీతం నేనే సంపాదించుకుంటాను అంటుంది. ఈ మాట చెబుతుంటే మా క్లాసులో వెనక బెంచీ ఆడపిల్లలు కూడా తలెత్తుతారు.

తర్వాత అతనికి ముందే భార్య ఉందని తేలుతుంది. అతన్ని ప్రాణంగా ప్రేమిస్తూనే తెల్లవారకముందే ఇల్లు వదిలి వెళ్ళిపోతుంది. చేతిలో ఉన్నది ఇరవై షిల్లింగులు. మూట బండిలోనే మర్చిపోతుంది. పందికి వేయబోతున్న చల్లారిన గంజిని ఒక పిల్లని అడిగి తింటుంది. ఆ పేజీలు ఖాళీగా లేవు, ఆకలితో నిండి ఉన్నాయి. ఆ తర్వాత పల్లెటూరి బడిలో టీచరవుతుంది. చిన్నాన్న ఆస్తి ఇరవై వేల పౌండ్లు కలిసొస్తే తనతో సహా నలుగురికీ సమానంగా పంచి తను ఐదు వేలు ఉంచుకుంటుంది. ఇవన్నీ రాచెస్టర్ లేని అధ్యాయాలే. చివరికి మళ్ళీ అతని దగ్గరికి వెళ్తుంది, కానీ తన కాళ్ళ మీద నిలబడి వెళ్తుంది.

నేను పిల్లలకి ఇచ్చే పరీక్ష ఇదొక్కటే. ఏ ప్రేమకథ చదివినా, హీరో లేని పేజీల్లో ఆ అమ్మాయి ఏం చేస్తోందో చూడండి అంటాను.

తెనాలి_బాబాయ్

అమ్మా టీచరుగారూ, ఎంత చక్కగా చెప్పారు. నేను తెనాలిలో చాలా ఏళ్ళు అద్దె పుస్తకాల షాపు నడిపాను. అప్పట్లో నా బతుకంతా యద్దనపూడి సులోచనారాణి గారి చలవే. సెక్రటరీ నవల మూడు కాపీలుండేవి, మూడూ ఎప్పుడూ షాపులో ఉండేవి కావు. 1960ల్లో వచ్చిన నవల అది. 1976లో నాగేశ్వరరావు, వాణిశ్రీలతో సినిమా వచ్చాక మళ్ళీ గిరాకీ.

పుస్తకం తిరిగొచ్చినప్పుడు నేను పేజీలు చూసుకునేవాణ్ణి, చిరిగాయేమోనని. హీరో రాజశేఖరం కారు దిగే చోట్ల కాగితం మెత్తబడిపోయి ఉండేది. ఎన్ని వేళ్ళు ఆగాయో అక్కడ! ఆరడుగుల మనిషి, కారు, మేడ. ఆడపిల్లలు కలలు కన్నారని అందరూ అంటారు, నిజమే. కానీ నేను గమనించింది ఇంకోటుంది. పెన్సిల్ గీతలు మాత్రం రాజశేఖరం మాటల కింద ఉండేవి కాదు, హీరోయిన్ జయంతి మాటల కింద ఉండేవి. అతనికి డబ్బుంది కదా అని తను ఒక మెట్టు కిందికి దిగని చోట్లలో. ఆత్మాభిమానం అన్న మాట కిందైతే రెండు గీతలు. అద్దె పుస్తకం మీద గీతలేమిటని నేను కసురుకునేవాణ్ణి. ఇప్పుడు తలచుకుంటే, కసరకుండా ఉండాల్సింది అనిపిస్తుంది. 2018లో సులోచనారాణి గారు పోయిన రోజున అటక మీద మిగిలిన కాపీ దించి ఆ గీతలన్నీ మళ్ళీ చూసుకున్నాను.

కాబట్టి మల్లెతీగ తల్లీ, నీ చెల్లెలు ఆ పుస్తకంలో ఎక్కడ గీతలు పెడుతోందో చూడు. అది చూశాక దిగులు పడాలో వద్దో తేల్చుకో.

రాత్రి_ఎపిసోడ్

నేను ఒక యాప్‌లో తెలుగు సీరియల్స్ రాస్తాను. రాత్రి పిల్లలు పడుకున్నాక ఫోన్‌లోనే టైప్ చేసి ఎపిసోడ్ పెడతాను. టీచర్ గారి పరీక్ష విని నా సీరియల్‌నే తిరగేసి చూసుకున్నాను. చెప్పాలంటే సిగ్గుగా ఉంది.

నా హీరోయిన్ బీఎస్సీ నర్సింగ్ ఫస్టియర్. మొదట్లో ఆమె డ్యూటీ గురించి ఒక ఎపిసోడ్ మొత్తం రాశాను. మొదటిసారి ఒక ముసలాయనకి సూది గుచ్చడానికి చెయ్యి వణకడం, ఆయనే "గుచ్చమ్మా, నాకేం కాదు" అని ధైర్యం చెప్పడం. నేను రాసినవాటిలో నాకు బాగా నచ్చింది అదే. కింద వచ్చిన కామెంట్లు చూస్తే, "బాగుంది మేడమ్, హీరో ఎప్పుడొస్తాడు?" "ఈ రోజు ఆర్యన్ లేడా? డల్‌గా ఉంది." తర్వాతి ఎపిసోడ్‌లో హీరో ఆమె క్లాస్‌మేట్ చెయ్యి పట్టుకుని "అది నాది" అని అరిచాడు. ఆ రోజు వచ్చినన్ని స్టార్లు నాకు ఎప్పుడూ రాలేదు.

అంతే, అటే వెళ్ళిపోయాను. ఇప్పుడు 140 ఎపిసోడ్లు. ఆ పిల్ల నర్సింగ్ చదువుతోందన్న సంగతి నాకే గుర్తు లేదు. పరీక్షలు రాసిందో లేదో కూడా రాయలేదు. అతను కోప్పడతాడు, ఈమె ఏడుస్తుంది, అతను వచ్చి కన్నీళ్ళు తుడుస్తాడు. నాకూ ఎనిమిదో తరగతి చదివే కూతురుంది. నా సీరియల్ చదవొద్దని దానికి చెప్పాను. నేను రాసింది నా కూతురు చదవకూడదనుకుంటున్నానంటే, ఇక వేరేవాళ్ళ కూతుళ్ళ సంగతి?

టీమ్_ఎడ్వర్డ్

రాత్రి_ఎపిసోడ్ గారూ, మీరంత బాధపడకండి. ఆ ముసలాయన సీను కోసం నేను మీ సీరియల్ వెతికి చదువుతాను.

టీచర్ గారి పరీక్ష బాగుంది కానీ న్యూ మూన్‌కి దాన్ని పెడితే అన్యాయం జరుగుతోందని నాకనిపిస్తోంది. ఆ ఖాళీ పేజీల గురించి నా అనుభవం చెబుతాను. ఇంటర్‌లో ఒకబ్బాయి నన్ను వద్దన్నాక నేను నిజంగానే అలాగే ఉన్నాను. అన్నం తిన్నానో లేదో తెలియదు. అమ్మ అడిగితే తిన్నానని చెప్పేదాన్ని. దీపావళి ఎలా జరిగిందో ఇప్పటికీ గుర్తు లేదు. చుట్టూ ఉన్నవాళ్ళంతా "ఈ వయసులో ఇవన్నీ మామూలే, చదువు మీద దృష్టి పెట్టు" అన్నారు. నాకేదో అయిందని ఒప్పుకున్నది ఆ పుస్తకం ఒక్కటే. నెల పేరు రాసి కింద ఏమీ రాయకపోవడం కంటే ఆ బాధని ఎవరైనా ఎలా చెప్పగలరు? అది డిప్రెషన్. దాన్ని ప్రేమని పొగిడినట్టు చదివితే తప్పు చదివేవాళ్ళది కాదా?

మల్లెతీగ

నువ్వు చెప్పింది నిజం చెల్లీ. ఆ పేజీలు అబద్ధమని నేను అనను. నన్ను ఇబ్బంది పెట్టేది వాటి తర్వాత వచ్చేది. జనవరి దాటాక ఆమె కోలుకుంటుంది అనుకుంటాం. కానీ ప్రమాదంలో ఉన్నప్పుడు అతని గొంతు వినబడుతోందని బైకులెక్కుతుంది, కొండ మీద నుంచి సముద్రంలోకి దూకుతుంది. అతను తిరిగి రాగానే అన్నీ సర్దుకుంటాయి. ఆ నాలుగు నెలలకీ మందు అతనే అయ్యాడు. నాకు అప్పుడు ఎక్కిన పాఠం అది. మా వాడూ ఒకరోజు వస్తాడు, అప్పటిదాకా ఇలాగే ఉండాలి అని. వాడు రాలేదు. ఏడాది పోయింది.

శ్రీకాకుళం_కుర్రాడు

అందరూ అమ్మాయిల గురించే మాట్లాడుతున్నారు, అందుకే కొంచెం జంకుగా రాస్తున్నాను. నాకు 20. మా ఊళ్ళో ఒకమ్మాయి వెనక రెండేళ్ళు తిరిగాను. ఏ రోజూ హద్దు దాటి మాట్లాడలేదు. బస్సు దిగే టైముకి స్టాపులో నిలబడేవాణ్ణి, అంతే. అదే గొప్ప ప్రేమ అనుకున్నాను. ఒకరోజు ఆమె నేరుగా వచ్చి, "అన్నయ్యా, నువ్వు నిలబడతావని నేను ముందు స్టాపులో దిగి నడుచుకుంటూ పోతున్నాను, ఎండకి తట్టుకోలేకపోతున్నాను" అంది. రెండేళ్ళుగా నేను ఆమెని చూస్తున్నాననుకున్నాను. ఆమె చెప్పులు అరిగిపోయాయన్నది మాత్రం ఆ రోజే చూశాను.

తర్వాత ఒక సీనియర్ నాకు జాన్ గ్రీన్ రాసిన పేపర్ టౌన్స్ ఇచ్చాడు. 2008 నాటిది. క్వెంటిన్ అనే కుర్రాడు పక్కింటి మార్గోని చిన్నప్పట్నుంచీ దేవతలా చూస్తాడు. ఆమె కనబడకుండా పోతే, తన కోసమే ఆనవాళ్ళు వదిలిందనుకుని స్కూలు గ్రాడ్యుయేషన్ వేడుక కూడా మానేసి ఫ్లోరిడా నుంచి న్యూయార్క్ రాష్ట్రం దాకా ఫ్రెండ్స్‌తో కారులో వెళ్తాడు. చేరింది ఆగ్లో అనే ఊరికి. మ్యాపు గీసినవాళ్ళు తమ పని ఎవరైనా కాపీ కొడితే పట్టుకోవడానికి కల్పించి పెట్టిన ఊరు పేరది, ఇది కథలోనే కాదు, నిజంగానే జరిగింది. అక్కడ మార్గో దొరుకుతుంది. అతన్ని చూసి సంతోషించదు. నన్ను వెతకమని ఎవరడిగారు అన్నట్టు ఉంటుంది. అతను ఇన్నాళ్ళూ ప్రేమించింది మ్యాపు మీద ఊరి లాంటి మార్గోని, లోపల మనిషి వేరే ఉంది.

ఆ పుస్తకం పది రోజులు పట్టుకుని ఇంగ్లీషు డిక్షనరీతో చదివాను. అమ్మాయిలకి విలువ అబ్బాయి చూపులో ఉందని చెబుతున్నారని మీరంటున్నారు. మాకేమో మా విలువ ఆ అమ్మాయి ఒప్పుకోవడంలో ఉందని చెబుతున్నారు. ఒప్పుకోకపోతే మగాడివి కావు అన్నట్టు ఫ్రెండ్స్ చూస్తారు. అదీ బరువే.

తెనాలి_బాబాయ్

బాబూ, ఆ చెప్పుల మాట రాశావు చూడు, నువ్వు తప్పకుండా రాయాలి. ఇంకా రాయి.

డల్లాస్_పద్మ

మాది గుంటూరు, ఇక్కడికొచ్చి పద్దెనిమిదేళ్ళు. మా అమ్మాయికి 15. మల్లెతీగా, కళ్ళజోడు సంగతి చదవగానే నీకో పుస్తకం చెప్పాలనిపించింది. సంధ్యా మీనన్ రాసిన వెన్ డింపుల్ మెట్ రిషి, 2017లో వచ్చింది. డింపుల్ కాలిఫోర్నియా ఫ్రీమాంట్ పిల్ల. మనవాళ్ళు కూడా ఎంతమంది ఉన్నారో అక్కడ! కళ్ళజోడు పెట్టుకుంటుంది, కోడింగ్ అంటే పిచ్చి. వాళ్ళమ్మకేమో ఎప్పుడూ మేకప్, మంచి బట్టలు, మంచి సంబంధం. యాప్ తయారుచేసే వేసవి క్యాంపుకి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్తే, అక్కడ రిషి ఎదురుపడి కాబోయే పెళ్ళామా అన్నట్టు పలకరిస్తాడు. ఇద్దరి ఇళ్ళల్లో పెద్దవాళ్ళు మాట్లాడుకున్నారు, ఈ పిల్లకే తెలియదు. చేతిలో ఐస్ కాఫీ అతని మీద పోసి పరుగెడుతుంది. మా అమ్మాయి ఆ పేజీ నాకు మూడుసార్లు చదివి వినిపించింది.

తర్వాత ప్రేమ పుడుతుంది, ముద్దుగానే ఉంటుంది. కానీ డింపుల్‌కి తను చేస్తున్న యాప్ మీద ధ్యాస ఒక్కరోజు కూడా పోదు. ప్రేమలో పడ్డానని భయపడుతుంది కూడా, నా పని ఏమైపోతుందోనని. ఆ భయం నాకు బాగా తెలుసు. నేను ఇక్కడికి డిపెండెంట్ వీసా మీద వచ్చి ఏళ్ళ తరబడి ఉద్యోగం చేయలేకపోయినదాన్ని.

జెన్నీ హాన్ రాసిన టు ఆల్ ది బాయ్స్ ఐ హావ్ లవ్డ్ బిఫోర్ సిరీస్ కూడా ఇవ్వు. 2014లో మొదటిది. లారా జీన్ తనకి నచ్చిన ఐదుగురు అబ్బాయిలకి ఉత్తరాలు రాసి, పంపకుండా టోపీల డబ్బాలో దాచుకుంటుంది. చెల్లెలు అవన్నీ పోస్టు చేసేస్తుంది! మీ ఇంట్లోనూ అక్కాచెల్లెళ్ళున్నారు కాబట్టి బాగా నచ్చుతుంది. ఈ కథలో అమ్మ చనిపోయింది. బాయ్‌ఫ్రెండ్‌ని వెంటబెట్టుకుని కాలేజీకి వెళ్ళొద్దు అని ఆవిడ ఎప్పుడో చెప్పిన మాటని పట్టుకుని పెద్దక్క తన ప్రేమనే తెంచుకుంటుంది. మూడో పుస్తకానికి లారా జీన్ వంతు వస్తుంది. పీటర్‌కి సీటొచ్చిన వర్జీనియా యూనివర్సిటీలో ఈమెకి రాదు. చివరికి నార్త్ కరొలైనాకి వెళ్తుంది. సినిమాలో ఊళ్ళు మార్చి న్యూయార్క్ చేశారు. ఎటు చూసినా అతనికి దూరంగానే వెళ్ళింది, ప్రేమని వదులుకోకుండానే. మా ఇంట్లో ఆ సినిమా అయ్యాక మా అమ్మాయి "అమ్మా, నువ్వు నాన్న కోసం రాకపోతే ఎక్కడుండేదానివి?" అని అడిగింది. నేను వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు గిన్నెలు తోమాను.

ఓరుగల్లు_టీచర్

పద్మ గారూ, మీరింకా చదువుకోవచ్చు, ఉద్యోగం చేయొచ్చు. ఇది ఊరికే ధైర్యం చెప్పడం కాదు, నేను పీజీ చేసింది ఇద్దరు పిల్లలు పుట్టాకే.

ఇంకో పుస్తకం కూడా చెబుతాను, కానీ మల్లెతీగ గారూ, ఇది మీరు చదవండి, చెల్లికి రెండేళ్ళాగి ఇవ్వండి. జూడీ బ్లూమ్ రాసిన ఫరెవర్, 1975. శారీరక సంబంధం గురించి దాపరికం లేకుండా రాసినందుకు అమెరికాలో ఎన్నో స్కూలు లైబ్రరీల్లో దాన్ని తీసేయాలని గొడవలయ్యాయి. ఇద్దరు మంచిపిల్లలు ప్రేమించుకుని దగ్గరైతే చివర ఎవరూ చచ్చిపోని కథ ఒక్కటి రాయమని రచయిత్రి కూతురే అడిగిందట. మైకేల్, కాథరీన్‌కి వెండి బిళ్ళ గొలుసు ఇస్తాడు. ఒకవైపు ఆమె పేరు, వెనకవైపు "ఎప్పటికీ" అని చెక్కించి. తర్వాత ఆమె వేసవి క్యాంపులో టెన్నిస్ నేర్పించే పనికి వెళ్తుంది, అక్కడ ఇంకొకరు నచ్చుతారు, ఆ ఎప్పటికీ అన్నది అక్కడితో అయిపోతుంది. ఆమె మోసగత్తె కాదు, అతను దుర్మార్గుడు కాదు. బాధ ఉంటుంది, జీవితం ఉంటుంది. మొదటి ప్రేమ చివరి ప్రేమ కాకపోయినా అది అబద్ధమైపోదని ఇంత మామూలుగా చెప్పిన కథ మన తెలుగులో పిల్లల చేతికి ఇవ్వడానికి నాకు ఇంకా దొరకలేదు.

రాత్రి_ఎపిసోడ్

141వ ఎపిసోడ్ ఇప్పుడే పెట్టాను. ఆర్యన్ లేడు. ఆ పిల్ల సప్లిమెంటరీ ఫీజు కట్టడానికి క్యూలో నిలబడింది. స్టార్లు తక్కువే వచ్చాయి. ఒకమ్మాయి మాత్రం "మేడమ్, నాకూ అనాటమీ ఉండిపోయింది" అని కామెంట్ పెట్టింది.

మల్లెతీగ

అందరికీ పేరుపేరునా థాంక్స్. ఆలస్యంగా రాస్తున్నాను, దీపావళికి ఇంటికెళ్ళొచ్చాను. పద్మక్క చెప్పిన రెండు పుస్తకాలూ పట్టుకెళ్ళాను. చెల్లి ఇంకా వాటిని ముట్టుకోలేదు. కళ్ళజోడు కాలేజీలో పెట్టుకుంటోంది, ట్యూషన్‌లో తీసేస్తోంది. నేనేమీ అనలేదు.

తెనాలి బాబాయ్ గారు చెప్పినట్టు, అది స్నానానికి వెళ్ళినప్పుడు న్యూ మూన్ తీసి చూశాను. గీతలేం లేవు. కానీ ఆ ఖాళీ పేజీలు ఖాళీగా లేవు. పెన్సిల్‌తో, దాని చిన్నచిన్న అక్షరాలతో తెలుగులో రాసి పెట్టింది.

అక్టోబర్ కింద: "ఏడ్చింది. వాళ్ళ నాన్న పోలీసు కదా, డ్యూటీ నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడి చూసి వెళ్ళాడు."

నవంబర్ కింద: "ఏడ్చింది. నాన్నకి వంట చేసింది. ఉప్పు ఎక్కువైంది. ఆయన తినేశాడు."

డిసెంబర్ కింద: "తక్కువ ఏడ్చింది."

జనవరి పేజీలో ఏమీ రాయలేదు. అక్కడ పెన్సిల్ పెట్టి పుస్తకం మూసి ఉంది.